పుట్టీ కింద సొట్ట

సన్యాసిరాజుకి మనుషుల ముఖాలు గుర్తుండవు. నిన్న గంటసేపు ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషి ఇవాళ బజార్లో పలకరిస్తే బుర్ర గోక్కుంటాడు. అదే మనిషి "కుడి తలుపు మీద గీత పడిన నీలం కారు నాదేనయ్యా" అన్నాడనుకోండి, ఆ గీత ఎంత పొడుగో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గడగడా చెప్పేస్తాడు. గోపాలపట్నంలో హైవే పక్క సందులో ఇరవై ఎనిమిదేళ్ళు కార్ల సొట్టలు తీసిన మనిషి అతను. ఎస్.కోట అవతల పల్లెలో తండ్రితో చెరుకు కొట్టడం ఇష్టంలేక పద్దెనిమిదో ఏట పట్నానికి వచ్చి సుత్తి పట్టాడు.

అతని పేరు ఆ చుట్టుపక్కల మోగిపోవడానికి ఒకటే కారణం. సొట్ట తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రేకును వెనకనుంచి కొట్టి, ముందునుంచి లాగి, కొంచెం కొంచెంగా మళ్ళీ సాపు చెయ్యడం. నడుం పడిపోయే పని అది. రెండోది, సొట్టలో పుట్టీ ముద్ద మెత్తి, ఎండాక అరగదీసి, మీద రంగు కొట్టెయ్యడం. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. సన్యాసిరాజు పుట్టీ ముట్టడనీ, రేకే లాగుతాడనీ జనం నమ్మకం. స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన గోదావరి జిల్లా ఆయన భీమశంకరరావుగారైతే, తెలిసినవాళ్ళలో ఎవరి కారు గీసుకున్నా "మా రాజు దగ్గరికి తీసుకెళ్ళండి, నిఖార్సైన మనిషండీ" అని చెప్పి పంపేవారు.

నిజం చెప్పాలంటే ఆ పేరు పదేళ్ళ కిందటి పనివల్ల వచ్చింది. మోచేతి నొప్పి మొదలయ్యాక పుట్టీ డబ్బా మెల్లగా షెడ్డులోకి చేరింది. మొదట చిన్న సొట్టలకి, తర్వాత పెద్దవాటికీ. రేటు మాత్రం రేకు లాగిన రేటే. ఈ సంగతి రంగు కొట్టే దుర్గారావుకి ఒక్కడికే తెలుసు. అతను వరసకి బావమరిది, చచ్చినా నోరు విప్పడు.

ఆ షెడ్డులో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. సొట్ట ఎలా పడిందని ఎవర్నీ అడగకూడదు. అన్ని కాగితాలూ సవ్యంగా ఉన్నవాడు ఇన్సూరెన్సు పెట్టుకుని షోరూముకి పోతాడు. చేతిలో నోట్లు పట్టుకుని సందులోకి వచ్చేవాడికి దాచుకోవలసింది ఏదో ఉంటుంది. తండ్రికి చెప్పకుండా కారు తీసిన కొడుకో, పాలసీ డబ్బు కట్టకుండా ఎగ్గొట్టినవాడో. అడగని నోటికే గిరాకీ. ఆ నోరే అతని కొంప ముంచింది.

కూతురు నీలిమకి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఫిషింగ్ హార్బర్లో, రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ తరఫున వేలంపాట దగ్గర తూకాలు రాసే ఉద్యోగం. తెల్లవారకుండానే పాట మొదలైపోతుంది కాబట్టి ఇంకా చీకటుండగానే స్కూటీ తీసేది. కంపెనీ వాళ్ళ తూకం మిషను మోసుకెళ్ళడానికి తండ్రే యాంగిల్ ఇనుముతో స్కూటీ వెనక క్యారియర్ చేసి వెల్డింగ్ పెట్టాడు. మిషను జారకుండా ఆ క్యారియర్ చివర రెండు ఇనప కొమ్ములు బయటికి పొడుచుకుని ఉండేవి. పిల్ల సంపాదిస్తోందని సన్యాసిరాజుకి ఎంత గర్వమంటే, టైర్ల కొట్టువాడికి కూడా నెలకోసారి ఆమె జీతం చెప్పేవాడు.

రెండేళ్ళ కిందట ఆగస్టులో ఒక మంగళవారం, హైవే మీద ఒక కారు వెనకనుంచి ఆ స్కూటీని గుద్దేసి ఆగకుండా పోయింది. నీలిమ కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. తెల్ల కారు అన్నది తప్ప ఆమె కళ్ళకి ఇంకేమీ ఆనలేదు. ఫోను ముక్కలైపోయింది. దారినపోయే పుణ్యాత్ముడెవరో 108కి చెప్పాడు. ఆమె తెలివొచ్చి నంబరు చెప్పి, తండ్రికి కబురు అందేసరికి పదకొండు దాటింది.

ఆ పదకొండు లోపల జరిగింది వింటే ఎవరికైనా కడుపు మండుతుంది. పొద్దున్న ఏడింటికి షెడ్డు తలుపు తీస్తూనే గురునాథరావు వచ్చాడు. పోర్టు దగ్గర లారీలు తిప్పే కాంట్రాక్టరు. తెల్ల బండి. ముందు ఎడమవైపు మడ్‌గార్డు లోపలికి పోయి, అందులో పక్కపక్కన రెండు లోతైన పోట్లు. గోడౌను గేటు తగిలిందని, అడక్కుండానే అతనే చెప్పాడు. సాయంత్రానికి కావాలన్నాడు, రేకు లాగి సాపు చెయ్యాలన్నాడు, రెట్టింపు ఇస్తానన్నాడు. సన్యాసిరాజు మారుమాట లేకుండా అలాగేనన్నాడు. ఒక్క పూటలో రేకు లాగడం అయ్యే పని కాదు. బండాయన అటు వెళ్ళగానే పుట్టీ కలిపి, ఆ పోట్లు రెండూ నిండేలా వేళ్ళతో నొక్కి నొక్కి మెత్తాడు. అరగదీస్తూ ఉండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చేతులకి పుట్టీ అలాగే ఉండగా పరిగెత్తాడు.

రంగు దుర్గారావు కొట్టి, సాయంత్రం బండి అప్పజెప్పి, ఆ రెట్టింపు డబ్బు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. కాలికి రాడ్లు వెయ్యడానికి ముందుగా కట్టమన్న సొమ్ములో ఆ నోట్లు కూడా కలిశాయి. అప్పటికి సన్యాసిరాజుకి ఏమీ తెలియదు. తర్వాత నీలిమ తెల్ల కారు అన్నాక, రోడ్డు మీద తిరిగే ప్రతి తెల్ల కారు ముందుభాగాన్నీ వంగి వంగి చూశాడు. తన చేతిమీదుగా పోయిన బండి మీదికి మాత్రం బుద్ధి పోలేదు. అది గేటు తగిలిన సొట్ట అని మనసులో రాసేసుకున్నాడు మరి.

పోలీసులు గుర్తు తెలియని వాహనం అని కేసు రాశారు. స్కూటీకి కట్టిన ఇన్సూరెన్సు ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే ఇవ్వడానికే గాని బండి నడిపిన పిల్లకి కాదని స్టేషన్లో హెడ్ కానిస్టేబులు విడమర్చి చెప్పాడు. గుద్దిన బండి ఎవరిదో తేలితే దాని యజమానో, అతని ఇన్సూరెన్సో కట్టాలి. తేలకపోతే సర్కారు ఏదో కొంత చేతిలో పెడుతుంది, అది ఒక ఆపరేషనుకి కూడా చాలదు. నీలిమకి రెండు ఆపరేషన్లయ్యాయి. ఉద్యోగం పోయింది. భార్య జోగమ్మ మెళ్ళో గొలుసు పోయింది. పిల్ల చేతికర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచి, అక్కడే ఆయాసపడి కూర్చుంటే, సన్యాసిరాజు పళ్ళు పటపట కొరికేవాడు. అతనికి డబ్బు దొరికితే చాలని లేదు. "ఆడు దొరకాల. మా నీలిమ గుంట కాలికి ఆడి జేబులోంచే తియ్యాల" అని భార్యతో రోజుకోసారి అనేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట.

నవంబరులో పోలీసులు స్కూటీ వదిలారు. ఆటోలో వేసుకుని షెడ్డుకి తెచ్చి దించాడు. క్యారియర్ కొమ్ములు రెండూ కొంచెం పక్కకి వంగి ఉన్నాయి. యాంగిల్ మూలలో తెల్ల రంగు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. సన్యాసిరాజు ఊరికే, అలవాటుకొద్దీ, ఆ రెండు కొమ్ముల మధ్య జాన పెట్టి చూశాడు. జానకి రెండు వేళ్ళు తక్కువ. ఆ కొలత అతని చేతికి తెలుసు. ఎక్కడ తెలుసో గుర్తొచ్చేసరికి అక్కడే చతికిలపడ్డాడు. దుర్గారావు కంగారుపడి నీళ్ళు తెచ్చాడు.

"బావా, ఆ గేటు బండి. నాను పుట్టీ పెట్టిన పోట్లు ఇయ్యే. నా సేత్తో నానే పూడ్సేసినాను" అన్నాడు సన్యాసిరాజు.

ఆ మధ్యాహ్నమే గురునాథరావు ఆఫీసుకి వెళ్ళాడు. ఆయన మంచినీళ్ళిప్పించి, కూర్చోబెట్టి, సాంతం విన్నాడు. విని, తన బండి ఏనాడూ ఏ డెంటింగ్ షెడ్డుకీ వెళ్ళలేదన్నాడు. బిల్లుందా అని అడిగాడు. ఆ సందులో ఎవరికీ ఎప్పుడూ బిల్లిచ్చిన పాపాన పోలేదు కదా! తర్వాత గొంతు తగ్గించి, నవ్వుతూ, ఇంకో మాట అన్నాడు.

"ఒకవేళ వచ్చిందే అనుకో. రేకు లాగి సాపు చేసేశానని నువ్వే అంటావుగా, నీకంత పేరు. ఇంక లోకానికి చూపించడానికేముందయ్యా?"

పిల్ల మందులకని నాలుగు అయిదొందల కాగితాలు బల్లమీద పెట్టాడు. సన్యాసిరాజు వాటిని ముట్టుకోకుండా లేచి వచ్చేశాడు. తను చెప్పిన అబద్ధాన్ని అడ్డం పెట్టుకుని తన ముఖం మీదే నవ్వాడు ఆ పెద్దమనిషి! దారిపొడుగునా అతనికి ఆ నవ్వే కనిపించింది.

నిజం చెప్పేస్తే దొంగ దొరుకుతాడు. చెప్పాలంటే మాత్రం పుట్టీ సంగతి కూడా చెప్పాలి. పుట్టీ సంగతి బయటికి పొక్కిన రోజున ఆ షెడ్డు మొహం ఎవడూ చూడడు. వారం రోజులు ఈ రెంటి మధ్యా నలిగిపోయాడు. జోగమ్మకి చెప్పుకుంటే ఆమె గుండె బాదుకుంది. కొన్నాళ్ళాగితే సర్కారిచ్చేదేదో వస్తుందనీ, ఉన్న పని చేసుకుంటే పిల్లకి మూడో ఆపరేషను చేయించుకోవచ్చనీ నచ్చజెప్పింది. "నీ నోటితో నువ్వే పుట్టీ అన్నాక మన కాడికి ఎవుడొత్తాడు? గుంటకి మందులెవుడు కొంతాడు?" అని అడిగింది.

ఆమె అడిగినదానిలో తప్పేమీ లేదు. అతను మాత్రం, "ఆడు నవ్వినాడే. నా పనిని నమ్ముకునే నవ్వినాడు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళిపోయాడు.

ఎస్సై ముందు నమ్మలేదు. సొట్ట తీసేసినవాడే వచ్చి సొట్ట ఉందంటే ఎవరు నమ్ముతారు? సన్యాసిరాజు తలవంచుకుని, "సాపు సెయ్యనేదు సార్, పూడ్సినాను. కింద అలాగే ఉంటాది" అన్నాడు. ఎస్సై గురునాథరావుకి నోటీసు పంపించాడు. బండి పరీక్ష చెయ్యడానికి వెహికల్ ఇన్‌స్పెక్టర్ని పిలిపించాడు. పంచనామా మీద సంతకం చెయ్యడానికి మాట మీద నిలబడే మనిషినొకర్ని తెచ్చుకోమంటే, సన్యాసిరాజు భీమశంకరరావుగారిని బతిమాలి తీసుకొచ్చాడు. దేనికో పూర్తిగా చెప్పలేదు. మా నీలిమ కేసు అన్నాడంతే. నీలిమ పేరు చెప్పగానే ఆయన చొక్కా తొడుక్కుని బయల్దేరారు.

స్టేషను ఆవరణలో పది పదిహేనుమంది పోగయ్యారు. సగంమంది సన్యాసిరాజు దగ్గర కార్లు చేయించుకున్నవాళ్ళే. గురునాథరావు తెల్ల బండి తెచ్చి నిలబెట్టి, ఎండకి నల్లద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలుచున్నాడు. మడ్‌గార్డు అద్దంలా ఉంది. బండి కొన్ననాటి నుంచీ దానికి చిన్న గీత కూడా పడలేదని రాతపూర్వకంగా ఇచ్చాడు కూడా. రేకు సాపుగా ఉందని అతని ధైర్యం. తన పనిని అంతగా నమ్మిన కస్టమరు సన్యాసిరాజుకి జన్మలో దొరకలేదు.

సన్యాసిరాజు బ్లోల్యాంపు వెలిగించి రంగు మీద వేడి చూపించాడు. రంగు బుడగలెత్తింది. రేకు గీసే కత్తి అంచున గుచ్చి ఎత్తాడు. పెనం మీంచి అట్టు లేచినట్టు అరచేయంత పుట్టీ పెచ్చు ఊడి నేలమీద పడింది. కింద రెండు పోట్లూ తేటతెల్లంగా కనిపించాయి. స్కూటీ క్యారియర్ తెచ్చి ఆనించాడు. రెండు కొమ్ములూ రెండు పోట్లలోకి దిగి కూర్చున్నాయి. ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిచి రాసుకుంటున్నాడు.

అప్పుడు జరిగింది అసలు విషయం. గురునాథరావు క్యారియర్ వైపు చూడలేదు. కొమ్ముల వైపు చూడలేదు. అతని కళ్ళు నేలమీద పడిన ఆ పుట్టీ పెచ్చు మీదే ఉన్నాయి. జీవితంలో ఒక్క లారీ టైరు కొనడంలో కూడా మోసపోని మనిషి. నల్లద్దాలు తీసేసి సన్యాసిరాజు మీదికి వచ్చేశాడు.

"పుట్టీయా? రెట్టింపు తీసుకుని నాకు పుట్టీ పెట్టావా? ఆ మంగళవారం పొద్దున్న ఏడింటికి నీ షెడ్డు ముందు నిలబడి, రేకు లాగుతానని నీ నోటితో అనిపించుకున్నాకే కదరా బండి వదిలాను!"

ఎస్సై కాగితం మీంచి తలెత్తాడు. "ఏ మంగళవారమండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు.

గురునాథరావు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. సన్యాసిరాజు ఆ ముఖాన్ని కళ్ళారా చూశాడు. హమ్మయ్య అనుకున్నాడు, చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. అది చాలదన్నట్టు, ఇన్‌స్పెక్టర్ బండి కాగితాలు తిరగేసి, ఇన్సూరెన్సు జూన్లోనే అయిపోయిందనీ, మళ్ళీ కట్టలేదనీ తేల్చాడు. అంటే నీలిమ కాలికి కంపెనీ కట్టదు. గురునాథరావే, తన జేబులోంచే కట్టుకోవాలి. సన్యాసిరాజు రోజూ అన్నం ముందు కూర్చుని కోరుకున్నది అక్షరాలా అదే.

తర్వాత ఎస్సై సన్యాసిరాజు వాంగ్మూలం రాయించి పైకి చదివించాడు. రేకు లాగకుండా పుట్టీ పెట్టి, రేకు లాగినట్టు డబ్బు తీసుకున్నానని, తన షెడ్డులో ఇది పదేళ్ళుగా మామూలేనని అందులో ఉంది. పదేళ్ళ మాట రాయించకపోయినా సరిపోయేది. కానీ ఈ ఒక్క బండికే పెట్టానంటే రేపు కోర్టులో లాయరు నమ్మడని, కేసు ఎక్కడా జారకూడదని తనే రాయించాడు. ఆవరణలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో గేటు బయట పెట్టుకున్న తమ కారు వైపు చూసుకున్నారు.

సాక్షి సంతకానికి కాగితం భీమశంకరరావుగారి చేతికి వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, మొదటినుంచి చివరిదాకా చదివి, సంతకం చేసి, కలం మూత పెట్టారు.

"నా కారుక్కూడానా, రాజూ?" అన్నారు.

"రెండు తలుపులకీ బాబూ" అన్నాడు సన్యాసిరాజు. మళ్ళీ ఊడదీసి రేకు లాగిస్తానని, పైసా వద్దని ఏదో చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. కోపగించుకోనూ లేదు. నీలిమకి న్యాయం జరిగింది, అది చాలు అని, ఎండలో మెల్లగా నడుచుకుంటూ బస్టాపు వైపు వెళ్ళిపోయారు. వచ్చేటప్పుడు సన్యాసిరాజు బండి వెనక కూర్చుని వచ్చారాయన. సన్యాసిరాజు ఆ నడకనే చూస్తూ నిలబడ్డాడు. అంతలోనే గురునాథరావు వైపు తిరిగి, ఇంకోసారి కళ్ళనిండా చూసుకున్నాడు.

మర్నాటి నుంచే సందులోకి కార్లు రావడం మొదలైంది. పనికి కాదు. పాత స్పీకరు అయస్కాంతం తలుపుల మీద ఆనించి, కింద పుట్టీ ఉండి అది అంటుకోని చోటల్లా వేలు పెట్టి చూపించి తిట్టిపోయారు. సన్యాసిరాజు ఒక్కరితోనూ వాదించలేదు. నెల తిరక్కుండా షెడ్డు ఖాళీ అయింది. దుర్గారావు అనకాపల్లిలో ఇంకో షెడ్డు చూసుకున్నాడు. సన్యాసిరాజు ఇప్పుడు హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో రోజుకూలికి వెల్డింగ్ చేస్తున్నాడు.

ఈ ఏడాది మొదట్లో తీర్పొచ్చింది. గురునాథరావు ఒక్కసారిగా కట్టలేనని మొత్తుకుంటే కోర్టు నెలనెలా కట్టమంది. రెండు లారీలు అమ్ముకున్నాడు. ప్రతి నెలా ఆయన డబ్బు కట్టే రోజున, సన్యాసిరాజు పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కోర్టు వరండాలో స్తంభం పక్కన నిలబడతాడు. పలకరించడు, తిట్టడు. గురునాథరావు తనని చూసేదాకా ఉండి, చూశాక వచ్చేస్తాడు. ఆ పూట కూలి పోతుంది.

మూడో ఆపరేషనయ్యాక నీలిమ కర్ర లేకుండా నడుస్తోంది. కొంచెం కుంటుతుంది. తండ్రి ఇలా నెలనెలా పని మానుకోవడం ఆమెకి నచ్చలేదు. డబ్బు బ్యాంకులో పడిపోతోంది కదా, ఇంక ఆయన ముఖం చూడ్డమెందుకు, వదిలెయ్యి అని చాలాసార్లు చెప్పింది. మొన్న ఒకటో తారీఖున గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీ కాలికి ఆడు కడతన్నాడు, అమ్మా. నా షెడ్డుకి ఎవుడు కడతాడు?" అన్నాడు సన్యాసిరాజు. "ఆడు లెక్కెట్టి ఇత్తంటే సూడ్డమే నాకొచ్చినది."

నీలిమ పక్కకి తప్పుకుంది. అతను చెప్పులు తొడుక్కుని, కోర్టుకి వెళ్ళే బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.